పది నెలల రష్యన్ పంతులు: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ముప్ఫై ఏళ్లు రష్యన్ చెప్పి రిటైరైన మనిషిని. నేను వచ్చేశాక నా పోస్టు భర్తీ కాలేదు. ఏటా గెస్ట్ ఫ్యాకల్టీ (పీరియడ్ల లెక్కన డబ్బిచ్చే తాత్కాలిక అధ్యాపకులు) కోసం ఇంటర్వ్యూలు పెడతారు, విషయ నిపుణుడినంటూ నన్ను పిలుస్తారు. నేను ఖాళీ చేసిన కుర్చీలో పది నెలల పాటు ఎవరిని కూర్చోబెట్టాలో చెప్పి, టీ తాగి, ఆటో ఛార్జీ బిల్లు మీద సంతకం పెట్టి వస్తాను. కాబట్టి ఈ లేఖలో ఫిర్యాదు ఏదైనా ఉంటే అందులో నా వాటా కూడా ఉంది.

కిందటి ఇంటర్వ్యూకి ఒకావిడ నీలం రంగు ఫైలుతో వచ్చారు. అందులో ఏడు నియామక ఉత్తర్వులు, ఏడేళ్లవి. 'ఈ నియామకం పూర్తిగా తాత్కాలికం, దీనివల్ల ఎటువంటి హక్కూ సంక్రమించదు' అన్న వాక్యం అన్నిట్లోనూ ఉంది, తేదీలే వేరు. బోర్డులో ఒకాయన ఫైలు తెరవకుండానే 'అనుభవం ఏమైనా ఉందా అమ్మా?' అన్నారు. ఏడేళ్లుగా ఆ వరండా చివరి గదిలోనే పాఠం చెబుతున్న మనిషిని అడిగిన ప్రశ్న అది. ఆవిడ నొచ్చుకున్నట్టు కనిపించలేదు. ఫైలు మెల్లగా ఆయన వైపు తిప్పారు.

డెమో పాఠం చెప్పమన్నాం. ఆవిడ చలన క్రియలు ఎంచుకున్నారు. తెలుగులో మనకు 'వెళ్లడం' ఒక్కటి చాలు. రష్యన్‌లో నడిచి వెళ్తే ఒక క్రియ, బండెక్కి వెళ్తే ఇంకొకటి. ఇప్పుడు ఒక దిక్కుగా పోతుంటే ఒకటి, రోజూ వెళ్లి వస్తుంటే మరొకటి. దీన్ని పిల్లలకు పట్టించడానికి నాకు రెండు వారాలు పట్టేది. ఆవిడ సుద్దముక్క తీసుకుని ఉదాహరణగా ఒక వాక్యం రాశారు: 'నేను రోజూ మూడు కాలేజీలకు బస్సులో వెళ్తాను.' సరైన క్రియ, సరైన విభక్తి. బోర్డులో మిగతావాళ్లకు రష్యన్ రాదు. ఆ వాక్యం నాకొక్కడికే అర్థమైంది. ఆవిడకు అక్షరాలు నేర్పింది నేనే.

మూడు కాలేజీలు ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 2019 జనవరిలో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) గెస్ట్ ఫ్యాకల్టీకి పీరియడ్‌కు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వవచ్చని చెప్పింది. అంటే 33 పీరియడ్ల తర్వాత చెప్పేదంతా ధర్మానికే. (రష్యన్ అక్షరాలు కూడా సరిగ్గా 33. ఎవరూ అనుకుని పెట్టి ఉండరు.) ఆ 50,000 గరిష్ఠం మాత్రమే, చాలాచోట్ల అంత కూడా ఇవ్వరు. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మొదటి రోజున మూలవేతనమే 57,700. గెస్టుకు దసరా సెలవులకు లేదు, సంక్రాంతికి లేదు, పరీక్షల నెలకు లేదు, పేపర్లు దిద్దిన రోజులకు వేరే లెక్క. పాఠం తయారు చేసుకున్న రాత్రులకు ఏ పద్దులోనూ చోటు లేదు.

రూల్సు లేక కాదు ఇదంతా. యూజీసీ 2018 నిబంధనలు చాలా స్పష్టంగా ఉన్నాయి: తప్పనిసరి అయితేనే కాంట్రాక్టు నియామకం, అదీ మొత్తం పోస్టుల్లో పది శాతం మించకూడదు, జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల వేతనానికి తగ్గకూడదు. కాంట్రాక్టు అంటే ఇంత ఇవ్వాలి కాబట్టే 'గెస్టు' అన్న పేరు పెట్టుకున్నాం. ఏడేళ్లుగా ఇంట్లోనే ఉన్న అతిథి! పది శాతం లెక్కలో ఇంకో తిరకాసు ఉంది. అది విశ్వవిద్యాలయం మొత్తానికి వేసే లెక్క. రెండే పోస్టులున్న శాఖలో రెండూ ఖాళీ అయితే అక్కడ నూటికి నూరూ తాత్కాలికులే, కాగితం మీద మాత్రం విశ్వవిద్యాలయం గీత దాటినట్టు కనబడదు. చిన్న భాషా శాఖలు చడీచప్పుడు లేకుండా ఇలాగే పోతున్నాయి. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన కొత్త నిబంధనల ముసాయిదాలో ఆ పది శాతం గీతే లేకుండా పోయింది.

దీనివల్ల క్లాసులో ఏం జరుగుతుందో చెబుతాను. క్లాసులు జులైలో మొదలవుతాయి. ఆర్డర్లు చేతికి వచ్చేసరికి వీధుల్లో బతుకమ్మ పాటలు వినిపిస్తుంటాయి. చరిత్ర క్లాసులో మూడో పాఠం పోతే ఐదో పాఠం చదువుకోవచ్చు. భాషలో అది కుదరదు. రష్యన్‌కు ఆరు విభక్తులు; మన పిల్లలకు ప్రత్యయాలు కొత్త కావు కాబట్టి మొదట్లో చకచకా పోతారు. మధ్యలో పంతులు మారితే కొత్తాయన మళ్లీ అక్షరాల దగ్గర మొదలెడతాడు, లేదా వచ్చనుకుని ముందుకు పోతాడు. డిసెంబరుకు సగం బెంచీలు ఖాళీ. మరుసటి ఏడాది 'విద్యార్థులు లేరు కదా, పోస్టు ఎందుకు?' అని ఫైలు తిరిగి వస్తుంది. పంతులు లేక పిల్లలు పోయారన్న సంగతి రాసుకోవడానికి ఆ ఫైల్లో గడి లేదు.

మా గెస్టులే చెప్పే యూరప్ అధ్యయనాల కోర్సుది ఇంకో అవస్థ. ఈమధ్య వరకు నేను చూసిన ఒక సిలబస్ కాగితంలో యూరోపియన్ యూనియన్ సభ్యదేశాలు 28 అనే ఉంది. బ్రిటన్ 2020 జనవరి 31న వెళ్లిపోయింది. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ మీద రష్యా దండయాత్ర తర్వాత ఆ ఖండం రక్షణ లెక్కలన్నీ తలకిందులయ్యాయి. ఎన్నో దశాబ్దాలు ఏ సైనిక కూటమిలోనూ చేరని ఫిన్లండ్ 2023లో, స్వీడన్ 2024లో నాటోలో చేరాయి. పాఠం చెప్పేవాళ్లకు ఇదంతా తెలుసు, పిల్లలకు చెబుతున్నారు కూడా. కానీ సిలబస్ మార్చేది బోర్డ్ ఆఫ్ స్టడీస్. మా గెస్టులకు అందులో కుర్చీ లేదు. కుర్చీ ఉన్నవాళ్లు ఆ కోర్సు చెప్పడం లేదు.

రష్యన్ మనకెందుకు అంటారు. బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ సోవియట్ సాయంతోనే వచ్చింది. హైదరాబాద్ ఔషధ పరిశ్రమ మూలాలు అక్కడే ఉన్నాయి. విశాఖ ఉక్కు వెనకా వాళ్ల సహకారం ఉంది. అది పాత కథ అంటారా, కొత్తది చెబుతాను. 2024లో మన దేశం నుంచి ఉద్యోగాలకని వెళ్లిన కుర్రవాళ్లు రష్యా సైన్యంలో తేలారు. చదవడం రాని భాషలో ఉన్న ఒప్పందాల మీద సంతకాలు పెట్టామని చెప్పారు. హైదరాబాద్ యువకుడు ఒకరు ఆ యుద్ధంలోనే చనిపోయారు. ఆ రోజుల్లో తెలిసినాయన ఒకరు, కొడుకుకు ఏజెంటు పంపాడంటూ మూడు పేజీల కాగితం నాకు ఫోనులో పంపించి, ఇందులో ఏముందండీ అని అడిగారు. పైనే పెద్ద అక్షరాల్లో 'కంత్రాక్ట్' అని ఉంది. రష్యన్‌లోనూ ఆ మాట అదే. చదివి, అబ్బాయిని పంపవద్దని చెప్పాను. జిల్లాల్లో ఇలాంటి కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్తారు? ఆ కాగితం చదవగలిగే మనుషులను తయారు చేసే గదిలో మనం పది నెలల ఆర్డరు చేతిలో పెట్టి పాఠం చెప్పిస్తున్నాం.

2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో, నెలకు ముప్ఫై వేలతో వాళ్లను నెట్టుకురావడం చూసి, సభల్లో 'గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః' అని చదివితే చాలదని సుప్రీంకోర్టు అంది. మన సభల్లోనూ అదే శ్లోకం చదువుతున్నాం.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి విదేశీ భాషా శాఖలో కనీసం ఒక్క రెగ్యులర్ పోస్టు నింపండి. అది అయ్యేలోగా తాత్కాలికులను మూడేళ్లకు తీసుకుని, పన్నెండు నెలలకూ జీతం ఇప్పించండి, కోర్సు చెప్పేవాళ్లకు బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో చోటు ఇవ్వండి. ఇంటర్వ్యూలు ఏప్రిల్‌లోనే పెట్టమనండి. దీనికైతే ఆర్థిక శాఖ అనుమతి కూడా అక్కర్లేదు.

ఈ ఏడాది ఇంటర్వ్యూకు నాకు మళ్లీ పిలుపు వచ్చింది. అభ్యర్థుల జాబితాలో మొదటి పేరు నీలం ఫైలు ఆవిడదే. నియామక ఉత్తర్వులో పన్నెండు నెలలని రాస్తేనే వస్తానని జవాబు పంపాను. పది రోజులైంది, అటు నుంచి ఇంకా ఏమీ రాలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత రష్యన్ అధ్యాపకుడు,
హైదరాబాద్