మా బడి వనమహోత్సవం: ఫొటోల్లో కనపడని వాళ్లందరికీ థాంక్స్

అందరికీ నమస్కారం. నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో బయాలజీ టీచర్‌ని, ఎకో క్లబ్ బాధ్యత కూడా నాదే. మొన్న మా బడిలో వనమహోత్సవం బాగా జరిగింది, ఫొటోలు మీరంతా చూసే ఉంటారు, లైకులు కూడా బాగానే వచ్చాయి. అయితే ఆ ఫొటోల్లో ఉన్నది మేమూ, వేదిక మీది పెద్దమనుషులూ, పిల్లలూ. అసలు పని చేసినవాళ్లు ఒక్కరూ లేరు. పిలిస్తే "మాకెందుకు మేడం" అని పక్కకి జరిగారు. అందుకే ఈ పోస్టు, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. పేర్లు రాయొద్దని కొందరు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. ఊళ్లోవాళ్లకి ఎవరెవరో ఎలాగూ తెలుస్తుంది.

ముందు గుంతల సంగతి. మా గ్రౌండ్ అంతా మొరం. పైన నాలుగు వేళ్ల మందాన మట్టి, దాని కింద గడ్డపార వేస్తే ఠంగుమని మోగే నేల. అలాంటి చోట జానెడు గుంతలో మొక్క గుచ్చితే వేరు ఎటు పోతుంది? ఈసారి ఉపాధి హామీ పనికి వచ్చిన అక్కలూ అన్నలూ ఒకటిన్నర అడుగు లోతు, అంతే వెడల్పు వచ్చేదాకా వదల్లేదు. పొద్దున్నే మొదలుపెట్టి, ఎండెక్కాక బడి వరండాలో సద్ది విప్పుకుని, మళ్లీ దిగేవాళ్లు. గోడ వారన మాత్రం పార కూడా దిగలేదు. అక్కడికి మా పాత విద్యార్థి ట్రాక్టర్‌కి గుంతలు తీసే మిషన్ బిగించుకుని వచ్చాడు. కనీసం డీజిల్ డబ్బులైనా తీసుకోమంటే "టెన్త్‌లో నా రికార్డు బొమ్మలన్నీ మళ్లీ వేయించారు మేడం, గుర్తుందా" అని నవ్వి వెళ్లిపోయాడు. అది అభిమానమో, పాత బాకీయో నాకింకా తేలలేదు.

గుంత తీసి మళ్లీ అదే మొరంతో నింపితే ఏం లాభం చెప్పండి. ఒక రైతు తన పత్తి చేనుకని తోలించుకున్న చెరువు మట్టిలోంచి రెండు ట్రాలీలు మాకు ఇచ్చేశారు. చేనున్నవాళ్లకి తెలుసు, అది ఊరికే ఇచ్చే వస్తువు కాదని. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ (మహిళా సంఘాల వాళ్లూ, పిల్లల తల్లులూ ఉండి బడి పనులు చూసే కమిటీ) అక్కలేమో ఇంటింటికీ తిరిగి, బాగా మాగిన పశువుల ఎరువు తట్టల్లో మోసుకొచ్చారు. పట్టుచీర కట్టుకుని మొక్కకి నీళ్లు పోసే ఫొటో అందరికీ కావాలి గానీ, ఎరువు తట్ట నెత్తిన పెట్టుకునే ఫొటో ఎవరూ తీయరు. నేనూ తీయలేదు లెండి, నా చేతిలోనూ తట్టే ఉంది.

ఇక మా పంచాయతీ నర్సరీలో పనిచేసే అక్క. ఎత్తుగా ఉన్న మొక్కలే కావాలని పిల్లలు ఎగబడుతుంటే ఆమె ఒక కవరు చీల్చి చూపించింది, లోపల వేళ్లన్నీ గుండ్రంగా చుట్టుకుపోయి ఉన్నాయి. "ఇది ఎత్తుకేం తక్కువ లేదు, నేలలో పెడితే మాత్రం నిలబడదు" అంది. నేను బోర్డు మీద బొమ్మ వేసి గంటసేపు చెప్పినా అంత బాగా ఎక్కేది కాదు. కవరుని బ్లేడుతో పక్కనుంచి కోసి, మట్టిగడ్డ చెదరకుండా రెండు చేతులతో పట్టుకుని గుంతలో దించడం కూడా ఆమే నేర్పింది. కానుగ, వేప, నేరేడు, ఉసిరి, నాలుగు చింత మొక్కలు, గేటు దగ్గరికి ఒక జమ్మి, అన్నీ ఆమె ఏరి ఇచ్చినవే. రోడ్ల పక్కన అందానికి పెంచే కోనోకార్పస్ మొక్కలు ఫ్రీగా ఇస్తామని ఒకరు అన్నారు గానీ వద్దన్నాం. అది పెంచొద్దని ప్రభుత్వమే చెప్పాక బడిలో పెట్టడమేంటి?

కార్యక్రమం రోజు మా హెడ్మాస్టర్ గారు మాట్లాడుతూ, 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టారని, అప్పటినుంచీ ఏటా జూలైలో దేశమంతా మొక్కలు నాటుతున్నారని చెప్పారు. వెంటనే ఎనిమిదో తరగతి పిల్లాడు లేచి "మరి మన గ్రౌండ్‌లో ఒక్క చెట్టూ లేదేంటి సార్" అన్నాడు. అందరూ నవ్వారు, సారూ నవ్వారు.

దానికి జవాబు నా దృష్టిలో ఒక్కటే, కంచె. ట్రీగార్డులు ఇస్తామని మాటిచ్చినవాళ్లు ఆఖర్లో ఫోన్ ఎత్తడం మానేశారు (ఎవరన్నది వద్దులెండి), నాకైతే టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ఆదుకున్నది ఎవరో తెలుసా, ఏ మేకల గురించి భయపడ్డామో ఆ మేకల తాతే! సర్కారు తుమ్మ కంప కొట్టి, కట్టలు కట్టి, మనవడితో బండి మీద వేయించి పంపాడు. అంతటితో ఆగక తనే వచ్చి, మేం కట్టిన తీరు చూసి పెదవి విరిచి, అంతా విప్పించాడు. కంప మొక్కకి ఆనించి కట్టకూడదట, మూరెడు దూరంగా గుండ్రంగా పాతి, కింద రాళ్లు పెట్టాలట. "మా మేక ముందుకాళ్లు ఎత్తి మెడ ఎంత సాచుతుందో నాకు తెలుసు బిడ్డా, మీకేం తెలుసు" అన్నాడు. ఇప్పటిదాకా ఒక్క మొక్కా మేక నోట పడలేదు. తాతా, నీకు రెండు చేతులా దండం.

పిల్లల నాటిక కోసం వనజీవి రామయ్య గారి బోర్డు లాంటిది రాసిచ్చిన పెయింటర్ అన్నకి కూడా కృతజ్ఞతలు. "వృక్షో రక్షతి రక్షితః" అని రాసిన బోర్డు తగిలించుకుని ఊరూరా తిరిగి మొక్కలు నాటిన మనిషి, మన జిల్లా రెడ్డిపల్లి వారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు, 2025 ఏప్రిల్‌లో వెళ్లిపోయారు. ఆయన వేషం వేసిన ఆరో తరగతి బాబు జేబు నిండా వేప గింజలు పోసుకొచ్చి, ముఖ్య అతిథి చేతిలో కూడా గుప్పెడు పెట్టాడు. అది నాటికలో లేదు, వాడి సొంత కల్పన.

మధ్యాహ్న భోజనం వండే అక్కలకీ, ఆ రోజు అందరికీ మజ్జిగ చేసిచ్చిన వాళ్లింటివాళ్లకీ థాంక్స్. పిల్లలు చేతులు కడుక్కునే నీళ్లు మురిక్కాలవలోకి పోకుండా కానుగ వరసకి పైపు మళ్లించిన ప్లంబర్ అన్నకి మరీ మరీ థాంక్స్, పైపు ముక్కలు కూడా ఆయన ఇంటి నుంచి తెచ్చినవే. పంచాయతీ ట్యాంకర్ డ్రైవర్ తమ్ముడు వాన మొహం చాటేసిన వారంలో అడక్కుండానే రెండుసార్లు వచ్చాడు.

ఇక ఒక చిన్న సాయం ఇంకా కావాలి. దసరా సెలవుల్లో పిల్లలు ఉండరు కాబట్టి నీళ్లకి వంతులు వేసుకుంటున్నాం. బడికి దగ్గర్లో ఉండేవాళ్లు ఎవరైనా ఆఫీసు గదిలో రిజిస్టర్ ఉంది, పేరు రాసి వెళ్లండి. బకెట్ మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోవాలి, బడిలో ఉన్నవి రెండే, అందులో ఒకటి కారుతుంది.