ఇంటర్‌లో చేరిన బిడ్డకు: ఖోఖోకు సరే, ఎన్‌ఎస్‌ఎస్‌కూ సరే

గోదావరిఖని,
26 సెప్టెంబర్ 2024

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు రెండు సంగతులు అడిగావు, నేను చూద్దాంలే అని పెట్టేశాను. అప్పటికే సెకండ్ షిఫ్ట్‌కు టైమ్ అవుతోంది, అమ్మ డబ్బా పట్టుకొని గుమ్మంలో నిలబడింది. నువ్వు మూతి ముడుచుకొని కూర్చుని ఉంటావని తెలుసు కాబట్టి జవాబు ముందే రాసేస్తున్నా: రెండింటికీ సరే. ఖోఖో సెలక్షన్స్‌కు వెళ్ళు, ఎన్‌ఎస్‌ఎస్‌లో, అదే జాతీయ సేవా పథకంలో, పేరు ఇవ్వు. ఇక మిగతా ఉత్తరం ఎందుకంటావా, నేను సరే అంటే అయిపోదు కదా, అక్కడ అమ్మమ్మ ఉంది, మీ మామ ఉన్నాడు, వాళ్ళు అడిగితే చెప్పడానికి నీ దగ్గరా నా దగ్గరా ఒకే మాట ఉండాలి.

మామ సంగతే ముందు. ఆయన మొన్న నాకు ఫోన్ చేసి అరగంట క్లాసు పీకాడు. ఫస్టియర్ ఎంపీసీకి 470 మార్కులు, అందులో 460 దాటకపోతే దండగ, ఆటలు పాటలు అన్నీ రెండేళ్ళు బంద్ పెట్టించు, తర్వాత జీవితమంతా హాయి అన్నాడు. మంచి కోరే అన్నాడు, నాకు కోపం లేదు. కానీ ఈ రెండేళ్ళు కష్టపడితే చాలు అనే మాట నేను టెన్త్ పిల్లల తల్లిదండ్రుల దగ్గర విన్నా, ఇంటర్ వాళ్ళ దగ్గర విన్నా, ఇంజినీరింగ్ చదివే పిల్లల ఇళ్ళలో కూడా విన్నా, ఆ రెండేళ్ళు ఎప్పుడు అయిపోతాయో మాత్రం ఎవరూ చెప్పలేదు. నీకు పదహారేళ్ళ వయసు ఒక్కసారే వస్తుంది, అది ఇప్పుడే వచ్చింది, దాన్ని తర్వాతకు దాచిపెట్టుకోమంటే ఎట్లా?

నీ టెన్త్ పరీక్షలు అయిపోకముందే ఎన్ని ఫోన్లు వచ్చాయో గుర్తుందా? ఏ కాలేజీ పీఆర్వోకు మన నంబరు ఎట్లా దొరికిందో ఇప్పటికీ తెలియదు, ఒకాయన అయితే సార్ పాపకు సీటు బ్లాక్ చేసి పెట్టాను అన్నాడు, మేము అడగనే లేదు. ఒక రెసిడెన్షియల్‌కు అమ్మా నేనూ వెళ్ళి చూశాం కూడా. గ్రౌండ్ ఎక్కడ అని అడిగితే టెర్రస్ మీదికి తీసుకెళ్ళి చూపించాడు, అక్కడ దండేల మీద యూనిఫాంలు ఆరేసి ఉన్నాయి. స్టడీ అవర్స్ పొద్దున ఐదున్నరకు మొదలంట. మెట్లు దిగుతుంటే మీ అమ్మ నా మోచేయి గిల్లింది, అంతే, ఇంకేం మాట్లాడుకోలేదు. నువ్వేమో అమ్మమ్మకు తోడుగా మడికొండలో ఉంటా, హన్మకొండలో గవర్నమెంట్ కాలేజీకి వెళ్తా అన్నావు. గ్రౌండ్ ఉన్న కాలేజీలో చేరి ఆ గ్రౌండ్‌లోకి దిగకుండా ఉండటంలో నాకైతే అర్థం కనిపించలేదు.

ఖోఖోతో చదువు పాడవుతుందా అంటే, లెక్క వేసి చూడు. కాలేజీ నాలుగింటికి వదిలితే ప్రాక్టీస్ ఐదున్నర దాకా, ఇంటికి వచ్చేసరికి ఆరున్నర. స్నానం చేసి తినేసరికి కళ్ళు మూతలు పడతాయి, అప్పుడు పుస్తకం ముందేసుకొని కూర్చోకు, అది చదువూ కాదు, నిద్రా కాదు. తొమ్మిదిన్నరకు పడుకొని పొద్దున లేచి మ్యాథ్స్ చెయ్యి, మీ అమ్మమ్మ ఎట్లాగూ నాలుగున్నరకే లేచి వాకిలి ఊడుస్తుంది, నీకు అలారం కూడా అక్కర్లేదు. వన్ ఏ, వన్ బీ రెండు పేపర్లూ 75 మార్కులకే కదా, రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఏడు ఇస్తే ఐదు రాయాలి, ఏడు మార్కులవీ ఏడు ఇస్తే ఐదు. పెద్ద ప్రశ్నల వెంట పడి చిన్నవి వదిలేసే పిల్లలు ఎక్కువ అని పక్క క్వార్టర్‌లో ఉండే లెక్చరర్ గారు అంటుంటారు. రెండు మార్కుల పది ప్రశ్నలంటే 20 మార్కులు, బస్సు కోసం నిలబడ్డప్పుడు కూడా నోట్లో ఆడించుకోవచ్చు. ఇక ఇంజినీరింగ్ ఎంట్రెన్స్ ఎప్‌సెట్ (మామకు ఇంకా ఎంసెట్టే) గురించి ఇప్పటినుంచే టెన్షన్ పెట్టుకోకు, మన దగ్గర దానికి ఇంటర్ మార్కుల వెయిటేజీ 2023లోనే తీసేశారు, ఫస్టియర్ పాఠం అర్థమయ్యేలా చదివితే రేపు అదే పనికొస్తుంది. ఒక్క షరతు మాత్రం గట్టిగా పెడుతున్నా: అటెండెన్స్ 75 శాతం తగ్గకూడదు. ప్రాక్టీస్ పేరు చెప్పి మధ్యాహ్నం కెమిస్ట్రీ క్లాసు ఎగ్గొడితే ఆ రోజే ఆట బంద్, ఇందులో బేరం లేదు.

స్పోర్ట్స్ కోటా ఉంటుందట కదా అని మీ పిన్ని అడిగింది. ఉంది, ఇంజినీరింగ్ సీట్లలో అర శాతం, దాని కోసం రాష్ట్రం, దేశం స్థాయిలో ఆడినవాళ్ళు కాచుకొని ఉంటారు. దాని కోసం ఆడకు. నువ్వు ఎనిమిదో తరగతి నుంచి ఆడుతున్నావు, పోల్ దగ్గర తిరిగేటప్పుడు నీ ముఖం ఎట్లా ఉంటుందో నేను చూశా, నాకు ఆ కారణం చాలు. అండర్-19 జిల్లా సెలక్షన్స్‌లో రాకపోయినా పర్వాలేదు. వస్తే మాత్రం నాకు ముందు చెప్పు, మామకు తర్వాత.

ఎన్‌ఎస్‌ఎస్ సంగతి మీ అమ్మ రాయమంది. 24న మీ కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ డే చేశారు కదా, 1969లో గాంధీ శతజయంతి ఏడాది అదే రోజున మొదలైంది, అప్పుడు 37 యూనివర్సిటీల్లో 40,000 మందే అని ప్రోగ్రాం ఆఫీసర్ మేడమ్ చెప్పారని నువ్వే అన్నావు. ఏడాదికి 120 గంటల సేవ, రెండేళ్ళకు 240, మధ్యలో ఏదో ఒక ఊళ్ళో ఏడు రోజుల క్యాంపు. అమ్మమ్మకు భయం ఆ ఏడు రోజుల గురించే, ఆడపిల్లను వేరే ఊళ్ళో పడుకోబెట్టడమేంది అని. ఆమెకు ఒక సంగతి గుర్తు చెయ్యి, తన కూతురిని తానే పంపింది. మీ అమ్మ డిగ్రీలో ఉన్నప్పుడు పరకాల వైపు ఒక పల్లెకు క్యాంపుకు వెళ్ళింది, ఇంటింటికీ తిరిగి ఎంతమంది ఉంటారు, నీళ్ళు ఎక్కడినుంచి తెచ్చుకుంటారు, మరుగుదొడ్డి ఉందా అని రాసుకురావడం వాళ్ళ పని. మొదటి ఇంట్లో నోరు పెగలలేదంట. నాలుగో రోజుకల్లా ఒక ముసలాయన పింఛన్ కాగితం పట్టుకొని ఈమెను వెతుక్కుంటూ వచ్చాడంట. ఇప్పుడు మన కాలనీలో నీళ్ళు రాకపోతే అందరూ వచ్చి మీ అమ్మ ముందు నిలబడతారు, నేను ఇంట్లో ఉన్నా నన్ను అడగరు.

నువ్వు స్క్రూ గేజ్ గురించి చెప్పింది విని మాత్రం ఆ రోజంతా నవ్వుకున్నా. యూనిట్స్ అండ్ మెజర్‌మెంట్స్ చెబుతూ సార్ తీగ మందం కొలవమని క్లాసులో అందరి చేతికీ ఇచ్చారు, నాకు మాత్రం రీడింగ్ ప్రతిసారీ వేరేగా వచ్చింది అన్నావు. నీ బాపు వర్క్‌షాప్‌లో రోజూ పట్టుకునేది అదే కదా, మేము మైక్రోమీటర్ అంటాం. విను. తీగను మధ్యలో పెట్టాక పెద్ద డ్రమ్‌ను పట్టుకొని బిగించకు, చివర చిన్న పిడి లాంటిది ఉంటుంది, రాచెట్, దాన్నే తిప్పు. టిక్ టిక్ అని రెండు మూడు సార్లు అనగానే ఆపెయ్. డ్రమ్ పట్టుకొని బిగిస్తే నీ చేతి బలాన్ని బట్టి రీడింగ్ మారుతుంది, నీకు జరిగింది అదే అనుకుంటా. ఇంకోటి, ఏదీ పెట్టకముందు ఉత్తగా మూసి చూడు, సున్నా మీద సున్నా కూర్చోవాలి. కూర్చోకపోతే ఎంత తేడా ఉందో రాసుకొని చివర్లో సరిచెయ్యాలి, పుస్తకంలో జీరో ఎర్రర్ అని ఉంటుంది. మీ కాలేజీ దాంట్లో డ్రమ్ మీద వంద గీతలు ఉంటే ఒక చుట్టుకు ఒక మిల్లీమీటర్ కదులుతుంది, నా దాని మీద యాభై గీతలు, చుట్టుకు అర మిల్లీమీటర్, ఎట్లా చూసినా ఒక గీతకు మిల్లీమీటర్‌లో వందో వంతు. షాఫ్ట్ మీద బేరింగ్ కూర్చునే చోట అట్లాంటి గీతలు నాలుగు తగ్గితే చాలు, బేరింగ్ వదులై తిరగడం మొదలుపెడుతుంది, మొత్తం మళ్ళీ విప్పాలి. దసరాకు వచ్చినప్పుడు నా పాతది ఇంట్లో తీసి పెడతా, అమ్మ గాజులు, నీ వెంట్రుక, ఏది కావాలంటే అది కొలుచుకో.

ఇంగ్లిష్ మీడియం అర్థం కావట్లేదని ఏడవకు. మొదటి మూడు నాలుగు నెలలు అందరికీ అంతే, నీ పక్కన తల ఊపే పిల్లకు కూడా. అడిగితే నవ్వుతారేమో అనుకుంటే క్లాసయ్యాక స్టాఫ్ రూమ్‌కు వెళ్ళి అడుగు. సెకండ్ లాంగ్వేజ్ తెలుగు తీసుకున్నందుకు, సంస్కృతమైతే 98 వచ్చేవి అని ఎవరో అన్నారట. అననీ.

దోస్తుల గురించి నువ్వు ఎక్కువ చెప్పలేదు గానీ నాకు కొంచెం తెలుసు. టెన్త్ బ్యాచ్ ముగ్గురూ మూడు దారులయ్యారు, ఒకామె పాలిటెక్నిక్, ఒకామె ఇక్కడే బైపీసీ, ఒకామె హైదరాబాద్‌లో రెసిడెన్షియల్. బైపీసీ పిల్ల మొన్న మార్కెట్‌లో కనిపించి అంకుల్ అది గ్రూప్‌లో మెసేజ్‌లు చూసి కూడా జవాబు ఇవ్వట్లేదు అని నా మీద పంచాయితీ పెట్టింది. కొత్త కాలేజీలో కొత్తవాళ్ళు వస్తారు, మంచిదే, పాతవాళ్ళకు మాత్రం ఆదివారం ఒక ఫోన్ కొట్టు. హైదరాబాద్ పిల్లకు ఫోన్ ఉండదు, ఆమెకు నీ చేత్తో ఒక కాగితం రాసి వాళ్ళ అమ్మకు ఇవ్వు, చూడటానికి వెళ్ళినప్పుడు తీసుకెళ్తుంది.

ఇక నీ బెంచీలో కూర్చునే ఏటూరునాగారం పిల్ల, హాస్టల్‌లో ఉంటుంది, నీ డబ్బాలో అమ్మమ్మ చేసిన పచ్చిపులుసు సగం ఆమెదే అన్నావు చూడు, ఆ అమ్మాయిని ఒక ఆదివారం ఇంటికి పిలువు. హాస్టల్ వార్డెన్‌కు అమ్మమ్మ చేత ఫోన్ చేయించు, ముందు రోజు కాదు, రెండు మూడు రోజుల ముందే. అమ్మమ్మకు కూడా మనిషి కనిపిస్తే ఆ దోస్తు అంటే ఎవరో తెలుస్తుంది, అప్పటినుంచి లొల్లి సగం తగ్గుతుంది. కాలేజీలో బతుకమ్మ ఆడే రోజు ఏం కట్టుకోవాలి అని అడిగావట, అమ్మ ఆకుపచ్చ లంగా ఓణీ ఇస్త్రీ చేయించింది, అది ఈ ఉత్తరంతోనే వస్తుంది. గునుగు పూలకు మాత్రం మీరే వెళ్ళండి, కొనుక్కొస్తే ఏం మజా.

బస్సు. ఆధార్ కార్డు అసలుది బ్యాగులో పెట్టుకో, ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒక కండక్టర్ ఊరుకుంటాడు, ఇంకొకాయన దింపేస్తాడు. డబ్బులు లేని జీరో టికెట్ అయినా అడిగి తీసుకో, చేతిలో టికెట్ ఉండాలి. సాయంత్రం రష్‌లో ఫుట్‌బోర్డ్ మీద నిలబడకు, తర్వాతి బస్సు ఎక్కు, ఆలస్యమైతే అమ్మమ్మకు నేను చెప్పుకుంటా.

ఒక మాట మాత్రం శ్రద్ధగా చదువు. బస్టాండ్‌లోనో బస్సులోనో గ్రౌండ్ దగ్గరో ఎవడైనా వెంట పడినా, పిచ్చి మాటలు అన్నా, ఫోన్‌లో ఏదైనా పంపినా, నాకో అమ్మకో ఆ రోజే చెప్పు. చెబితే కాలేజీ మాన్పిస్తారు, ఆట మాన్పిస్తారు అని చాలామంది ఆడపిల్లలు లోపల దాచుకుంటారు. నేను మాన్పించను. ఇది రాసి సంతకం పెట్టి ఇస్తున్నా, ఈ కాగితం దాచుకో, ఎప్పుడైనా నేను మాట మారిస్తే చూపించు. తప్పు చేసినవాడి సంగతి పోలీసుల షీ టీమ్ వాళ్ళు చూసుకుంటారు, 100కు ఫోన్ చేస్తే చాలు, నీ దారి నీదే.

అమ్మమ్మతో ఆదివారం నేనే మాట్లాడతా, నువ్వు ముందే గొడవ పెట్టుకోకు. ప్రాక్టీస్ ఉన్న రోజులు ఏవో ఆటల పీడీ సార్‌ను అడిగి ఒక కాగితం మీద రాసి వంటింట్లో క్యాలెండర్ పక్కన అంటించు, ఆమెకు కావలసింది అదే, ఎప్పుడు వస్తావో తెలియకపోతేనే గేటు దగ్గర నిలబడుతుంది. ఎన్‌ఎస్‌ఎస్ ఫారంలో పేరెంట్ సంతకం అడిగితే ఆగు, నేను వచ్చి పెడతా, మామ చేత పెట్టించకు. సెలక్షన్స్‌కు బోనఫైడ్, టెన్త్ మెమో, ఆధార్ జిరాక్స్‌లు రెండు సెట్లు తీసి పెట్టుకో, ఈపాస్ స్కాలర్‌షిప్‌కు కూడా అవే అడుగుతారు కాబట్టి మూడు సెట్లు తీసినా నష్టం లేదు. బూట్లకు డబ్బులు అమ్మమ్మ ఫోన్‌పేకు కొడతా, సైజు చెప్పు, పోయినసారి లాగా ఒక నంబరు పెద్దది కొనకు, ఆటలో జారుతుంది.

మీ బాపు