పాచికలు వేసి పండగ చేసుకున్న డాన్స్ కంపెనీ

ఎడిటర్ గారికి నమస్తే,

డాన్సులోకి కంప్యూటర్ వస్తే కళ పోయినట్టేనని మొన్న మీ పేపర్లో ఒకాయన రాశారు, చదివి నవ్వొచ్చింది. అమెరికాలో మెర్స్ కన్నింగ్‌హామ్ అనే డాన్స్ మాస్టారు ఈ పని ఎప్పుడో చేసేశారండీ. 1999లో, ఆయనకి 80 ఏళ్లప్పుడు, ‘బైపెడ్’ అని చేశారు, డాన్సర్ల ఒంటికి మెరిసే బిళ్లలు అంటించి కెమెరాలతో కదలికలు పట్టి వాటిని గీతల బొమ్మలు చేసి స్టేజీ ముందు పల్చటి తెర మీద వేశారు, వెనకాల అసలు మనుషులు ఆడుతుంటారు. మన తోలుబొమ్మలాటలో ఆడించే మనిషి కనపడడు, ఇక్కడ బొమ్మా మనిషీ ఇద్దరూ కనపడతారు అన్నమాట.

2003లో ఆయన డాన్స్ కంపెనీకి 50 ఏళ్లు నిండాయి. మనమైతే శాలువాలు, మెమెంటోలు, గంట స్పీచులు. వాళ్లు బ్రూక్లిన్‌లో పాచికలు వేశారు! డాన్సులు రెండు, మ్యూజిక్ రెండు, ఒకటి రేడియోహెడ్ అనే బ్యాండ్‌ది ఇంకోటి సిగుర్ రోస్ అనే బ్యాండ్‌ది, సెట్లూ డ్రెస్సులూ లైట్లూ కూడా రెండేసి, ఏది ముందో జనం ఎదుటే పాచిక తేల్చాలి, మొత్తం 32 రకాలుగా రావొచ్చు.

ఒక్కటి మాత్రం మీ పేపర్లో రాసినాయనతో ఒప్పుకుంటా. మా ఊళ్లో ఒక డాన్స్ స్కూల్ వార్షికోత్సవంలో ఎల్‌ఈడీ స్క్రీన్ వెలుగుకి మా మనవరాలి మొహమే కనపళ్లేదు.

- ఒక పాఠకురాలు, కాకినాడ