ఒకే మాటకు మూడు లెక్కలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఐదో తరగతి ఇంగ్లిష్ వర్క్‌షీట్లు దిద్ది ఇంటికి పంపిన సాయంత్రం నుంచి ఒకటే ప్రశ్న: "న్యూస్‌పేపర్‌కి మావాడు రెండు గళ్లలోనూ 3 అనే వేశాడు. ఒకటి రైటు, ఒకటి తప్పు. అదెలాగండీ?"

మొదటి గడిది నోటి లెక్క. ఒక్కో అచ్చు ధ్వనికి ఒక సిలబుల్: న్యూస్-పే-పర్, మూడు. రెండో గడిది అర్థం లెక్క, అంటే అర్థమున్న ముక్కలెన్ని అని: న్యూస్, పేపర్, రెండే. రామబాణాన్ని 'రాముని బాణం' అని విడదీస్తూ మనం చదువుకున్నదే ఇది. ('న్యూస్'ని కూడా విడదీయొచ్చా అని ఒక పాప అడిగింది. అది 'న్యూ' నుంచి పుట్టిందే కానీ, ఇప్పుడు ఒకే మాటగా తీసుకుంటాం.)

సిలబుల్స్ దగ్గర మన పిల్లలు తడబడడం సహజమే. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కదా, ఇంట్లో 'న్యూసుపేపరు' అనేస్తాం. చప్పట్లు కొట్టి లెక్కపెడితే ఐదు! బెంగళూరు వీధుల్లో వినే కన్నడదీ అదే దారి. కాబట్టి ముందు మాటను సరిగ్గా పలికించండి, చప్పట్లు ఆ తర్వాత.

మూడోది స్ట్రెస్, అంటే మాటలో ఒక భాగాన్ని మిగతావాటికంటే బలంగా పలకడం. తెలుగులో ఏ అక్షరాన్ని ఒత్తి పలికినా మాట అర్థం మారదు. ఇంగ్లిష్‌లో మారుతుంది. బలమంతా 'గ్రీన్' మీద పెడితే మొక్కలు పెంచే గ్రీన్‌హౌస్. 'హౌస్'ని కూడా గట్టిగా పలికితే ఆకుపచ్చ రంగు వేసిన ఇల్లు. రెండు మాటలు కలిసి ఒక నామవాచకమైతే సాధారణంగా మొదటిదానికే బలం. రెండోది ఒక్కోసారి నీరసించిపోతుంది కూడా. 'కప్‌బోర్డ్' అని రాసి 'కబర్డ్' అనడం అందుకే.

అన్నిసార్లూ ఇలాగే కాదు సుమా. మన ఊళ్లోనే చర్చ్ స్ట్రీట్ వెళ్లి బ్రిగేడ్ రోడ్‌లో కలుస్తుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు మొదటిదాంట్లో 'చర్చ్'ని, రెండోదాంట్లో 'రోడ్'ని ఒత్తుతారు. 'స్ట్రీట్' పేర్ల వరస ఒకటి, 'రోడ్' పేర్లది ఇంకొకటి. ఎందుకంటే వాడుక, అంతే. క్లాసులో పిల్లలకు బాగా నచ్చింది మాత్రం ఇదే.

టర్మ్ పరీక్షలో స్ట్రెస్‌కి మార్కులు లేవు. దీనికోసం ట్యూషన్లు, బట్టీలు వద్దు. పిల్లల యాస గురించి అసలు టెన్షన్ పడకండి. వర్క్‌షీట్ మీద సంతకం పెట్టి శుక్రవారంలోగా పంపితే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని