కాఫ్కాకు తొలి పాఠం జూకీపర్ కాదు

సంపాదకులకు,

ప్రోగ్రాంల మధ్య మెసేజ్‌లు చేరవేసే సాఫ్ట్‌వేర్ కాఫ్కాను నేర్చుకోవాలని వచ్చే విద్యార్థులకు చాలాచోట్ల ఇప్పటికీ జూకీపర్‌తోనే, అంటే కాఫ్కా సర్వర్లను సమన్వయం చేసిన విడి ప్రోగ్రాంతోనే, పాఠం మొదలుపెడుతున్నారు. 2025 మార్చిలో వచ్చిన 4.0 వెర్షన్‌లో జూకీపర్‌ను పూర్తిగా తీసేశారు. దాని పని ఇప్పుడు క్రాఫ్ట్ (KRaft) అనే పద్ధతిలో కాఫ్కాయే చూసుకుంటుంది. జావా 17 ఎక్కించుకుని, స్టోరేజ్ ఫార్మాట్ చేసి సర్వర్ నడిపితే 9092 పోర్టులో బ్రోకర్, అంటే మెసేజ్‌లు దాచి అందించే కాఫ్కా సర్వర్, సిద్ధం. ఒక్క లాప్‌టాప్ చాలు, మూడు మెషీన్ల క్లస్టర్ తర్వాతి మాట.

ముందు తెలియాల్సింది మెసేజ్‌ల వరస. టాపిక్ అంటే ఒక రకం మెసేజ్‌లు వేసే చోటు, పార్టిషన్లు దానిలోని భాగాలు. మూడు పార్టిషన్లతో ఒక టాపిక్ పెట్టండి. పార్టిషన్లు ఎన్నో చెప్పకుండా వదిలేస్తే ఒక్కటే వస్తుంది, అప్పుడు చిక్కు కంటపడదు. కీ (మెసేజ్ ఏ పార్టిషన్‌కు వెళ్లాలో తేల్చే గుర్తు) లేకుండా పది మెసేజ్‌లు టైప్ చేస్తే అన్నీ ఒకే పార్టిషన్‌లో పడొచ్చు, దాన్ని చూసి వరస ఎప్పుడూ తప్పదనుకోకండి. సుమారు 16 కిలోబైట్లు వెళ్లేదాకా మెసేజ్‌లు పంపే ప్రొడ్యూసర్ ఒకే పార్టిషన్‌ను పట్టుకుని ఉండటమే అందుకు కారణం. అసలు లోడు మీద ఒకే కస్టమర్ ఆర్డరు ఒక పార్టిషన్‌లో, దాని రద్దు మరోదాంట్లో పడితే రద్దే ముందు చదవబడొచ్చు. రేషన్ షాపు ముందు మూడు క్యూలుంటే ఎవరు ముందొచ్చారో క్యూ లోపలే తెలుస్తుంది కదా, ఇదీ అంతే. కస్టమర్ నంబరును కీగా ఇస్తే అతని మెసేజ్‌లన్నీ ఒకే పార్టిషన్‌కు వెళతాయి. తర్వాత పార్టిషన్లు పెంచితే మాత్రం ఏ కీ ఏ పార్టిషన్‌కు అనే లెక్క మారిపోతుంది.

రెండోది, డబుల్ మెసేజ్. మెసేజ్‌లు చదివే కన్స్యూమర్ ఎక్కడిదాకా చదివిందో 5 సెకన్లకోసారి రాసుకుంటుంది. కంట్రోల్-సీ కొడితే ఆఖరి లెక్క రాసే ఆగుతుంది కాబట్టి ఈ చిక్కు కంటపడదు. మెసేజ్‌లు వచ్చిన వెంటనే కిల్ మైనస్ 9 (kill -9) కమాండుతో బలవంతంగా చంపి, అదే గ్రూపు (పని పంచుకునే కన్స్యూమర్ల జట్టు) పేరుతో మళ్లీ నడపండి. 45 సెకన్ల దాకా ఉలుకూ పలుకూ ఉండదు, పాత సభ్యుడు పోయాడని బ్రోకర్ తేల్చుకోవాలి. ఆ తర్వాత చదివినవే మళ్లీ వస్తాయి. పేమెంట్ ప్రోగ్రాం అయితే డబ్బు రెండుసార్లు కట్ అయినట్టే. అందుకే ఆర్డరు నంబరుకు డేటాబేస్‌లో యునీక్ నిబంధన, అంటే ఒకే నంబరు రెండుసార్లు చేరనివ్వని నియమం, పెట్టాలి.

కన్స్యూమర్‌కు ఏమీ రాకపోతే ముందు ఆఫ్‌సెట్, అంటే ఎక్కడిదాకా చదివిందో చెప్పే నంబరు, చూడండి. కొత్త గ్రూపు మామూలుగా ఇకపై వచ్చేవే చదువుతుంది. మొదటి నుంచి చదవమని ఫ్రమ్-బిగినింగ్ (--from-beginning) ఇచ్చినా, ఆ గ్రూపుకు పాత ఆఫ్‌సెట్ ఉంటే అక్కడి నుంచే మొదలవుతుంది. గ్రూపు పేరు మార్చి చూడండి.

— ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, హైదరాబాద్