మీ వీధి రోడ్డు ఏ కాగితం దగ్గర ఆగిందో

ఒరేయ్ శేషూ,

నీ ఉత్తరం అందింది. కౌన్సిల్లో తీర్మానమైంది, కొబ్బరికాయ కొట్టారు, శిలాఫలకం కూడా పెట్టారు, ఇంతవరకూ తట్టెడు కంకర పడలేదంటున్నావు. పని మంజూరైంది కదా, మరెందుకు రాలేదని అడిగావు. మంజూరు అనేది ఒక్కటి కాదురా. మీ పని ఏ మంజూరు దాకా వచ్చిందో ముందు కనుక్కో, కోపం ఎవరి మీద చూపించాలో ఆ తర్వాత తేలుతుంది.

కౌన్సిల్ తీర్మానంతో వచ్చేది అడ్మిన్ శాంక్షన్. ఈ పని అవసరమే, ఈ పద్దులోంచి డబ్బు పెట్టవచ్చు అని దాని అర్థం. ఆ పద్దేమిటో అడుగు. జనరల్ ఫండా (మున్సిపాలిటీ సొంత డబ్బు), ఆర్థిక సంఘం నిధులా, ఎంపీ నిధులా? ఆర్థిక సంఘం గ్రాంటులో పెద్ద భాగం మంచినీళ్లకూ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టి ఇస్తారు, దాన్ని తీసి రోడ్డుకు పెట్టడానికి లేదు. అందుకే కాలువకు డబ్బుండి పక్కనే రోడ్డుకు లేకపోవడం చాలా ఊళ్లలో కనిపిస్తుంది. తర్వాతది టెక్నికల్ శాంక్షన్. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) తయారుచేసిన ఎస్టిమేట్‌ను (ఖర్చు అంచనాను) విలువను బట్టి పై ఇంజనీర్లయిన డీఈ, ఈఈ లేదా ఎస్ఈ పరిశీలించి, కొలతలూ రేట్లూ సరిపోయాయని సంతకం పెడతారు. ఈ సంతకం లేకుండా టెండరు పిలవకూడదు. కొబ్బరికాయకు మాత్రం ఇవేవీ అడ్డం కాదు కాబట్టి అది ముందే కొట్టేస్తారు.

నా మాట వింటే, నీ శ్రద్ధంతా ఎస్టిమేట్ మీద పెట్టు. కాంక్రీటు పోసే రోజు వీధంతా వచ్చి నిలబడుతుంది, కానీ రోడ్డు బాగుంటుందా లేదా అన్నది అప్పటికే సగం తేలిపోయి ఉంటుంది. ఎస్టిమేట్లో లేని పనిని ఏ కాంట్రాక్టరూ ఊరికే చేయడు, చేయించే అధికారం ఏఈకీ ఉండదు.

మీ వీధి 100 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు అనుకుందాం. ఎస్టిమేట్లో మొట్టమొదట చూడాల్సింది పాత రోడ్డు పగలగొట్టి మట్టి బయటికి తోలే ఐటమ్. అది లేదంటే పాత రోడ్డు మీదే కొత్తది పోస్తారని అర్థం. రోడ్డు 15 సెంటీమీటర్లు లేస్తుంది, వానాకాలంలో నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. మొత్తం ఖర్చు తగ్గించి నిధుల్లో ఇమడ్చడానికి ముందు కోసేది ఈ ఐటమ్‌నే. ఆ తర్వాత లెవెల్స్ పేజీ, అంటే ఎక్కడ ఎంత ఎత్తో రాసిన పేజీ. కాలువ లెవెల్ నీళ్లు చివరికి కలిసే చోటు నుంచి వెనక్కి లెక్కకట్టుకుంటూ రావాలి. 250కి 1 వాలు అంటే 100 మీటర్లకు 40 సెంటీమీటర్ల దిగుడు. వీధి చివర ఉన్న పెద్ద కాలువ అంత లోతు లేకపోతే, నువ్వెంత మంచి కాలువ కట్టించినా అందులో నీళ్లు నిలిచి దోమలే పెరుగుతాయి. కొంతమంది వీధి మొదట్లో లెవెల్ పట్టుకుని కిందికి కట్టుకుంటూ పోతారు, చివరికొచ్చాక కలవదు.

స్తంభాలు జరపడానికి విద్యుత్ సంస్థకు కట్టాల్సిన డబ్బు అందులో ఉందా? మంచినీటి పైపు మార్చేది ఉంటే అది రోడ్డుకంటే ముందు ఉందా? వరస ఎప్పుడూ ఇదే: డ్రైనేజీ పైపు, నీళ్ల పైపు, ఇంటింటి కనెక్షన్లు, సైడు కాలువ, ఆఖరున రోడ్డు. రోడ్డు పద్దు ముందు వచ్చిందని రోడ్డు ముందు వేస్తే, ఏడాది తిరక్కుండా దాన్ని తవ్వాల్సి వస్తుంది. కోసి పూడ్చిన సీసీ (సిమెంటు కాంక్రీటు) రోడ్డు మళ్లీ మొదటిలా అతకదు.

పనిని ముక్కలు చేయడం ఇంకో జబ్బు. ఒకే వీధిని మూడు చిన్న ఎస్టిమేట్లుగా విడగొడితే మంజూరు కింది స్థాయిలోనే అయిపోతుంది, ముగ్గురికి పని దొరుకుతుంది. కానీ ముగ్గురి లెవెల్సూ కలవవు, అతుకుల దగ్గర గుంటలు పడతాయి. మీది అలా విడగొట్టారేమో చూడు.

ఇక టెండరు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 నుంచి ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చింది. ఎస్టిమేట్ విలువ మీద ఎంత శాతం ఎక్సెస్ (ఎక్కువ), ఎంత శాతం లెస్ (తక్కువ) అని కోట్ చేస్తారు. 5 శాతం ఎక్సెస్ దాటితే ఒప్పుకోరు. ధరావతు (డిపాజిట్) మొదట 1 శాతం, ఒప్పందం రోజు మరో 1.5 శాతం. ఒక హద్దు దాటి మరీ ఎక్కువ లెస్ వేసినవాడు, తన ధరకూ ఆ హద్దుకూ మధ్య తేడాను అదనపు హామీగా కట్టాకే ఒప్పందం. 10 లక్షల పనికి 22 శాతం లెస్ వేశాడనుకో, 7.80 లక్షలకు చేస్తానన్నట్టు.  

ఇంత లెస్ ఎలా గిట్టుబాటవుతుందని నీకు అనుమానం రావాలి. రెండే దారులు. ఎస్టిమేట్లో క్వారీ దూరం, అంటే లెడ్, ఎక్కువ రాసి ఉండవచ్చు. కంకర 12 కిలోమీటర్ల నుంచి వస్తుంటే 30 రాస్తే ఆ తేడాలోనే లెస్ ఇమిడిపోతుంది. లెడ్ సరిగ్గానే ఉంటే, ఆ డబ్బు నీ రోడ్డు మందంలోంచే రావాలి. ఆంధ్రలో 2019లో రివర్స్ టెండరింగ్ పెట్టి 2024లో తీసేశారు. ధర దిగడమే పొదుపు అనే ఆలోచన వీధి రోడ్ల దగ్గర పనికిరాదని నా నమ్మకం. అసలు ఎవరూ టెండరు వేయకపోతే మాత్రం కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, పాత బిల్లులు రాలేదు. మీ పని అక్కడే ఆగి ఉండవచ్చు. ఎన్నిసార్లు టెండరు పిలిచారో అడిగితే తెలిసిపోతుంది.

పోసే రోజు సంగతి. 100 మీటర్లు, 4 మీటర్లు, 15 సెంటీమీటర్ల మందం: 60 క్యూబిక్ మీటర్లు. మిక్సరు లారీకి 6 చొప్పున 10 లారీలు రావాలి. లారీలు లెక్కపెట్టు, ప్రతి చలానాలో గ్రేడూ (కాంక్రీటు బలం రకం) లోడ్ చేసిన టైమూ చూడు, లోడైన 2 గంటల్లోపు కాంక్రీటు పడిపోవాలి. మందం 13 సెంటీమీటర్లే పడితే 8 క్యూబిక్ మీటర్లు మాయమైనట్టు, అంటే లారీకి పైనే. అంచుల్లో అచ్చుగా పెట్టే ఇనప చానెళ్లు 15 సెంటీమీటర్లే ఉంటాయి, పక్కనుంచి చూస్తే అంతా సరిగ్గానే కనిపిస్తుంది. మోసం మధ్యలో ఉంటుంది, అక్కడ కింద గ్రావెల్ ఉబ్బెత్తుగా వదిలేస్తారు. పోయకముందే ఈ చానెల్ నుంచి ఆ చానెల్‌కు దారం లాగి, నడిమధ్యలో టేపుతో కిందికి కొలువు. రోడ్డు మధ్యలో కాస్త ఎత్తుగా తేలేది కాబట్టి దారం కిందే 15 రాకపోతే ఆపించు. గ్రావెల్ మీద 125 మైక్రాన్ల పాలిథీన్ షీటు ఐటమ్ ఉంటే అది పరిచారో లేదో కూడా చూడు. లేకపోతే కాంక్రీటులో నీళ్లను కింద నేల పీల్చేస్తుంది.

పోత నడుస్తుండగా లారీలో పైపు పెట్టి నీళ్లు కలపనివ్వకు. మేస్త్రీకి పరచడం తేలిక, కానీ బలం పోతుంది. 60 క్యూబిక్ మీటర్లు ఒకేసారి పోస్తే 5 శాంపిళ్లు, ఒక్కోదానికి 3 చొప్పున 15 క్యూబులు (బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మలు) తీయాలి. అవి మీ వీధి లారీల్లోంచే తీయాలి. మర్నాటికల్లా 4 మీటర్లకు మించకుండా జాయింట్లు కోయాలి. ఆలస్యమైతే రోడ్డు తనకిష్టమైన చోట తనే పగులుతుంది. కనీసం 14 రోజులు తడి ఆరకూడదు. ఎండాకాలంలో చెడిపోయిన రోడ్లలో ఎక్కువ భాగం ఈ క్యూరింగ్ దగ్గరే చెడిపోతాయి.

బిల్లు ఎం-బుక్ (కొలతల పుస్తకం) మీద నడుస్తుంది. ఏఈ కొలిచి రాస్తాడు, డీఈ చెక్ మెజర్‌మెంట్ చేస్తాడు. అందులో 15 అని పడ్డాక నీ మాటకంటే దానికే విలువ. కాబట్టి అభ్యంతరం ఉంటే ఫైనల్ బిల్లుకు ముందే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకో, రోడ్డుకు రంధ్రం చేసి కోర్ (నిలువు ముక్క) తీసి మందం చూడమని అడుగు. బిల్లులోంచి 7.5 శాతం పట్టి ఉంచుతారు, పని అయ్యాక కొంత, మిగతాది డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలను కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం) తీరాక ఇస్తారు. గడువు మామూలుగా 2 ఏళ్లు. పని పూర్తయిన తేదీ రాసి పెట్టుకో. గడువు ముగిసే నెల ముందు పగుళ్ల ఫొటోలతో అర్జీ పెడితే కాంట్రాక్టరే తన ఖర్చుతో బాగుచేయాలి. గడువు దాటిన మర్నాడు అడిగితే మళ్లీ కొత్త ఎస్టిమేట్ వేయాల్సిందే. ఒప్పందం చేసుకుని కూడా పని మొదలుపెట్టకపోతే నోటీసులిచ్చి ఒప్పంద షరతుల్లోని 60సి క్లాజు కింద పని తీసి ఇంకొకరికి ఇవ్వవచ్చు, ఆ క్లాజు ఆఫీసువాళ్లకు బాగా తెలుసు. నీ అర్జీలో పేరుపెట్టి రాయి.

సోమవారం వెళ్లి ముందు మీ సచివాలయంలో ఎమెనిటీస్ సెక్రటరీని (రోడ్లు, కాలువలు, నీళ్ల పనులు చూసే ఉద్యోగిని) కలువు. చాలా సమాచారం అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టు: ఎస్టిమేట్, లెడ్ స్టేట్‌మెంటు, టెక్నికల్ శాంక్షన్, టెండరు పిలిచిన తేదీలు. గడువు 30 రోజులు. చాలామందికి తెలియదు గానీ, ఆ చట్టంలో పనిని స్వయంగా పరిశీలించే హక్కూ, సామగ్రి ధ్రువీకృత నమూనా అడిగే హక్కూ ఉన్నాయి.

కాగితాలు చేతికి రాగానే లెవెల్స్ పేజీ, అబ్‌స్ట్రాక్ట్ (ఖర్చుల మొత్తం పట్టిక), లెడ్ స్టేట్‌మెంటు ఫొటోలు తీసి పంపు. వీధి చివరి పెద్ద కాలువ లోతు కూడా టేపుతో కొలిచి రాయి, అది లేకుండా లెవెల్స్ సంగతి ఏమీ చెప్పలేను. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు.

నీ
మూర్తి