ఈ-టైప్ ఒరిజినల్‌గా నిలవాలంటే

సంపాదకులకు,

పాత కారుకు కొత్త రంగు వేసి దాన్నే పునరుద్ధరణ అనడం సరికాదు. 1961లో జెనీవాలో విడుదలైన జాగ్వార్ ఈ-టైప్ రోడ్‌స్టర్‌నే తీసుకోండి. దీనికి రేకు పైకప్పు లేదు కాబట్టి తలుపుల కింద రెండు పక్కలా ఉండే సిల్స్ (పెట్టెలాంటి రేకు దూలాలు) మీదే బాడీ చాలావరకు నిలబడుతుంది. తుప్పు పట్టాయని రెండూ ఒకేసారి కోస్తే బాడీ మధ్యలో కుంగుతుంది, ఇక తలుపు పడదు. కోయకముందే తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప గొట్టం వెల్డ్ చేయాలి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు. తలుపు బిగించి గ్యాప్ చూసుకుంటూ అంగుళం అంగుళంగా అతకాలి. ఏకబిగిన లాగితే వేడికి రేకు వంకరపోతుంది.

కారు ముందు భాగంలో ఇంజిన్‌ను మోసే ఫ్రేమ్ రేనాల్డ్స్ 531 అనే మిశ్రమ ఉక్కు గొట్టాలది. తుప్పు లోపలి నుంచి తింటుంది. మందంగా పౌడర్ కోటింగ్ చేయిస్తే బ్రేజింగ్ (ఇత్తడి లాంటి లోహం కరిగించి అతికిన) జాయింట్ల పగుళ్లు కనిపించవు, పెయింటే మేలు. కారు ఛాసిస్ నంబరు కొట్టి ఉండేది కూడా ఈ ఫ్రేమ్ మీదే, కుడివైపు షాక్ అబ్సార్బర్ బిగింపు పైన. పాత ఫ్రేమ్‌ను తుక్కుకు వేస్తే నంబరూ పోయినట్టే.

మన దేశంలో 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనానికి వింటేజ్ వాహనాలకిచ్చే 'వీఏ' సిరీస్ రిజిస్ట్రేషన్ నంబరు కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఏది మరమ్మతో, ఏది మార్పో రవాణా శాఖ ఉదాహరణలతో తెలుగులో ప్రకటించాలి.

– ఒక పాత కార్ల మెకానిక్, సికింద్రాబాద్